బద్ధకానికి సర్టిఫికెట్

“—అంటే నేను అబద్ధం చెప్తున్నానంటారా అండీ?”

“అంటాను. కావాలంటే కాయితం మీద రాసిస్తాను.”

“పదకొండేళ్ళ నుంచి పనిచేస్తున్నానండీ ఇక్కడ!”

“పదకొండేళ్ళ నుంచీ అబద్ధమే చెప్తున్నావు. లే ముందు. ఆ మిషను దగ్గర్నుంచి లే!”

పటమటలో నాట్య దుస్తులు కుట్టే ఆ మేడ మీదికి మొదటిసారి మెట్లెక్కుతూ సంయుక్త విన్న మాటలివి. ఆమె లోపల అడుగుపెట్టేసరికి, జాకెట్లు కుట్టే రామతులసి మూతి ముడుచుకుని లేచి నిలబడి ఉంది. ఎదురుగా కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని ఒక బక్కపల్చటి పెద్దాయన. మేనేజరు అచ్యుతరామారావు గారు.

“మీరెవరమ్మా?”

“సంయుక్తనండీ. వేదశ్రీ మేడమ్ పంపించారు.”

“నమ్మను,” అని ఆయన అక్కడికక్కడే యజమానురాలికి ఫోన్ చేసి కనుక్కున్నారు. మాట్లాడింది వేదశ్రీయేనని నమ్మకం కుదరక ఇంకోసారి చేశారు.

అచ్యుతరామారావు గారి గురించి ముందుగా చెప్పుకోవలసింది ఈ ఒక్కటే. ఆయన ఎవరినీ, దేన్నీ నమ్మరు. గోడ గడియారాన్ని నమ్మక చేతి గడియారం చూసుకునేవారు. చేతి గడియారాన్ని నమ్మక రామతులసిని అడిగేవారు. రామతులసి చెప్పేది ఎలాగూ నమ్మరు గనక మళ్ళీ గోడ గడియారం దగ్గరికే వచ్చేవారు. వానొస్తోందని ఎవరైనా అంటే కిటికీలోంచి చెయ్యి బయటపెట్టేవారు. చెయ్యి తడిస్తే, పైన ట్యాంకు నిండి పొర్లుతోందేమోనని మేడెక్కేవారు. నిలువునా తడిసి కిందికి దిగొచ్చి, “వానే,” అని ఒప్పుకునేవారు.

సంయుక్త వచ్చిన పని వేరు. వేదశ్రీ హనుమాన్ జంక్షన్‌లో రెండో యూనిట్ పెడుతోంది. రెండింటికీ ఒకే మేనేజరు ఉండాలని ఆమె ఆలోచన. “ఆయన పాతకాలపు మనిషి. పొద్దున్నుంచీ అందర్నీ అనుమానిస్తూనే ఉంటారని కొత్తగా చేరినవాళ్ళు నాకు చెప్తున్నారు. మూడు వారాలు దగ్గరుండి చూడు. ఆయన పనికిరారంటే ఆ కుర్చీ నీదే,” అంది.

ఎం.బి.ఏ.లో సంయుక్తకి బాగా నచ్చిన పాఠం ఒకటుంది. మేనేజర్లు రెండు రకాలు. పనివాళ్ళు ఒళ్ళు దాచుకునేవాళ్ళని అనుకునేవాళ్ళు మొదటి రకం. వాళ్ళ కింద పనిచేసేవాళ్ళు నిజంగానే ఒళ్ళు దాచుకుంటారు. పనివాళ్ళని నమ్మేవాళ్ళు రెండో రకం. వాళ్ళ దగ్గర మనుషులు రెక్కలొచ్చినట్టు పనిచేస్తారు. సంయుక్త మొదటిరోజు పదిన్నరకల్లా నోట్‌బుక్కులో “మొదటి రకం” అని రాసి, కింద రెండు గీతలు గీసింది.

గీతలు గీసిన దగ్గర్నుంచి మొదలైంది అయోమయం.

పాఠం ప్రకారం, మేనేజరు కళ్ళు పక్కకి తిరగ్గానే పని ఆగిపోవాలి. ఆయన బ్యాంకుకెళ్ళారు, మిషన్లు ఆగలేదు. ఆయన మధ్యాహ్నమంతా రావలసిన జరీ గురించి ఫోన్లో ఎవరినో నమ్మకుండా ఉన్నారు, అప్పుడూ ఆగలేదు. తాను చూస్తున్నానని ఆగట్లేదేమోనని సంయుక్త ఇస్త్రీ బల్ల వెనక నక్కి చూసింది. కటింగ్ మాస్టరు పోలరాజు కత్తెర పక్కనపెట్టి గబగబా వచ్చాడు.

“ఏమన్నా పడిపోయిందా అమ్మా? మీరు లేవండి, నేను వెతికిపెడతాను.”

వంగి ఉన్నప్పుడే అడిగేద్దామని సంయుక్త అడిగేసింది. “పోలరాజు గారూ, ఆయన మిమ్మల్ని రోజూ అనుమానిస్తారు కదా, కోపం రాదా?”

“ఎందుకు రాదండీ? రోజూ వస్తుంది.”

“మరి మానెయ్యాలనిపించదా?”

“రెండుసార్లు మానేస్తానని మొహం మీదే చెప్పానమ్మా. నమ్మలేదు.”

రెండోవారంలో ఒకరోజు సంయుక్త అన్నం డబ్బా మర్చిపోయి వచ్చింది. కొత్త చోట అది చెప్పుకోవడమెందుకని ఊరుకుంది. ఒంటిగంటన్నరకి అచ్యుతరామారావు గారు వచ్చి ఎదురుగా నిలబడ్డారు.

“భోంచేశారా?”

“అయిందండీ.”

“నమ్మను. ఏం కూర?”

“వంకాయండీ.”

“గుత్తి వంకాయా, ముక్కల కూరా?”

“…ముక్కలే.”

“అల్లం పెట్టారా, కారం పెట్టారా?”

సంయుక్త తడబడింది. పరీక్షల్లో కూడా ఎప్పుడూ అలా తడబడలేదు. “చూశావా రామతులసీ, చదువుకున్నవాళ్ళూ ఇంతే!” అని ఆయన విజయం సాధించినవాడిలా కేకేశారు. అయిదు నిమిషాల్లో ఒకరి డబ్బాలోంచి అన్నం, ఇంకొకరి డబ్బాలోంచి గోంగూర, మరొకరి దగ్గర్నుంచి పెరుగు వచ్చి ఆమె ముందు చేరాయి. సంయుక్త గోంగూర కలుపుకుంటూనే ఎడమచేత్తో నోట్‌బుక్కు తెరిచింది. “వ్యక్తిగత విషయాల్లో అనవసర జోక్యం,” అని రాసింది. రాశాక, అన్నం తింటూ ఆ మాట రాయడం ఏమైనా బావుందా అనిపించింది. కానీ కొట్టెయ్యలేదు.

ఆ వారమే కూచిపూడి నుంచి ఒక గురువు గారి శిష్యురాళ్ళ కోసం అరవై డ్రస్సుల ఆర్డరొచ్చింది. నాట్య దుస్తుల్లో ముందు భాగాన, నర్తకి కాళ్ళు ఎడం చేసినప్పుడల్లా విచ్చుకునే మడతలుంటాయి. దాన్ని ఫ్యాన్ అంటారు. ఆ మడతలు పెట్టడంలో సన్యాసమ్మని మించినవాళ్ళు లేరు. ఆమెది కొల్లేటి పక్క ఊరు. సగం జీవితం చేపల గంప మోసి, కూతురితో పాటు బెజవాడ వచ్చి, ఆరేళ్ళుగా ఇక్కడ మడతలు పెడుతోంది. స్కేలు వాడదు. బొటనవేలే ఆమెకి కొలత.

అలాంటి సన్యాసమ్మ రోజుకి ఆరు ఫ్యాన్లు చేసేది మూడుకి దిగింది. మూడోవారం బుధవారం పొద్దున ఇస్త్రీకి వెళ్ళిన వాటిలో పదకొండు ఫ్యాన్లకి అంచు తలకిందులుగా ఉంది. అంచులోని గోపురాల శిఖరాలన్నీ నేలని చూస్తున్నాయి.

తాను నేర్చుకున్న పాఠం పనిలో పెట్టే అవకాశం వచ్చిందని సంయుక్త సన్యాసమ్మ పక్కన పీట లాక్కుని కూర్చుంది.

“ఏమైంది సన్యాసమ్మ గారూ? ఏ ఇబ్బందున్నా చెప్పండి. మీరు ఏం చెప్పినా నేను నమ్ముతాను.”

సన్యాసమ్మ ఆ మాటకి కాస్త బెదిరింది. ఈ మేడ మీద ఆరేళ్ళుగా ఎవరూ అనని మాట అది.

“ఏం లేదమ్మా. బద్ధకం.”

“బద్ధకమా?”

“అవునమ్మా. ఒళ్ళు బరువెక్కిపోయింది. నాలుగు తిట్టండి, సర్దుకుంటాను.”

ఎంత నిజాయితీ అనుకుంది సంయుక్త. నేరుగా అచ్యుతరామారావు గారి బల్ల దగ్గరికెళ్ళి, ఇన్నాళ్ళ అనుమానాలే సన్యాసమ్మ ఉత్సాహాన్ని చంపేశాయనీ, ఈ ఆర్డరు వరకైనా ఆమె బదులు ఇంకొకరిని పెట్టక తప్పదనీ చెప్పింది.

“బద్ధకమని ఎవరన్నారు?”

“ఆవిడే అన్నారండీ.”

అచ్యుతరామారావు గారు కళ్ళజోడు తీసేశారు. “మీరు నమ్మేశారా?”

“ఆవిడే స్వయంగా…”

“తెల్లవారుజామున లేచి గంప ఎత్తుకుని ఊళ్ళు తిరిగిన మనిషమ్మా ఆవిడ! బద్ధకమంటే మీరు నమ్మేశారా! ఈ మేడ మీద నిజం చెప్పే మనిషి ఒక్కరున్నారా? అదిగో, ఆ రామతులసికి మూడు నెలల నుంచి నడుం పట్టేసింది. ఎలా ఉందంటే ‘బ్రహ్మాండంగా ఉందండీ’ అంటుంది. పోలరాజు ఒంటికి జ్వరం కాలిపోతుంటే ‘ఎండలో వచ్చానండీ’ అంటాడు. అందరూ అందరే! బాగున్నామనీ, తిన్నామనీ, ఏం లేదనీ. ఒక్కరి మాటా నమ్మడానికి లేదు. నమ్మితే చచ్చూరుకుంటారు.”

సంయుక్త నోట్‌బుక్కు మూసేసింది. ఆయన అప్పటికే సన్యాసమ్మ ముందుకెళ్ళి నిలబడ్డారు.

“సన్యాసమ్మా, టైమెంతయింది?”

గడియారం ఎదురుగోడ మీదే ఉంది. సన్యాసమ్మ అటువైపు మర్యాదగా తిరిగింది.

“పని టైమండీ.”

“పెద్దముల్లు ఎక్కడుంది?”

“ఉండాల్సిన చోటే ఉందండీ.”

“ఈ గుడ్డ ఏం రంగు?”

“మీకు తెలియని రంగా బాబూ!”

“నువ్వు బద్ధకస్తురాలివంటే నేను నమ్మను,” అన్నారాయన. “బద్ధకమే అయితే డాక్టరు దగ్గర్నుంచి సర్టిఫికెట్ పట్టుకురా. అంతవరకు సూది ముట్టుకోవడానికి వీల్లేదు.”

“బద్ధకానికి సర్టిఫికెట్టు ఎవరిస్తారు బాబూ?”

“కంటి డాక్టరు ఇస్తాడేమో అడుగుదాం. పద.”

సన్యాసమ్మ మెట్ల దాకా వచ్చి, పిట్టగోడ పట్టుకుని ఆగిపోయింది. సంయుక్త ఆమె వెనకే ఉంది.

“బద్ధకమంటే తిట్టి ఊరుకుంటారు బాబూ,” అంది సన్యాసమ్మ నెమ్మదిగా. “కళ్ళు కనపడట్లేదంటే మాన్పించేస్తారు. వేళ్ళు బాగానే ఉన్నాయి కదాని లాక్కొస్తున్నాను.”

“నాకు తెలుసు నువ్వు అబద్ధాలకోరువని,” అన్నారు అచ్యుతరామారావు గారు. ఆమె చెయ్యి పట్టుకుని ఒక్కో మెట్టూ దింపారు. కింద స్కూటరెక్కాక, “గట్టిగా పట్టుకున్నావా? నమ్మను, ఇంకా గట్టిగా పట్టుకో,” అనడం పైకి వినపడింది.

సంయుక్త పదకొండు ఫ్యాన్లు ముందేసుకుని కూర్చుంది. సన్యాసమ్మని కాదని ఆ పీట మీద ఇంకొకరిని కూర్చోబెట్టమన్నది తానే. అది తలుచుకుంటుంటే కుట్లు కూడా సరిగ్గా కనపడటం లేదు. ఇంతలో పోలరాజు వచ్చి నాలుగు ఫ్యాన్లు లాక్కుని నేలమీద చతికిలబడి కుట్లు విప్పడం మొదలుపెట్టాడు. కటింగ్ బల్ల తప్ప ఇంకో పని ముట్టుకోనని పేరున్న మనిషి. వెనకే రామతులసి వచ్చింది. ఆమె వెనక మిగతావాళ్ళు.

“మిమ్మల్ని ఎవరూ చెయ్యమనలేదు కదండీ,” అంది సంయుక్త.

“అమ్మా, మాటలు తర్వాత,” అన్నాడు పోలరాజు. “ఆయన వచ్చేలోగా పదకొండూ అయిపోవాలి. వచ్చి చూసి నమ్మకూడదు.”

నాలుగింటికి వాళ్ళు తిరిగొచ్చారు. రెండు కళ్ళలోనూ శుక్లాలున్నాయట. ఒకదాని తర్వాత ఒకటి ఆపరేషన్ చేస్తే చూపు బాగా వస్తుందట. అచ్యుతరామారావు గారు ఒకటికి నాలుగుసార్లు అడిగేసరికి ఆ డాక్టరు విసిగిపోయి, చివరికి నవ్వేసి, మందుల చీటీ అడుగున “ఈమెకు బద్ధకం లేదు” అని రాసి సంతకం పెట్టాడు. సన్యాసమ్మ ఆ చీటీ పైటచెంగున కట్టుకుని వచ్చింది.

అచ్యుతరామారావు గారు సరిచేసిన ఫ్యాన్లని ఒక్కొక్కటే విప్పి, తిప్పి చూశారు.

“పదకొండూ అయిపోయాయా? నమ్మను.”

పోలరాజు మొహం చేటంత అయింది.

శుక్రవారం మధ్యాహ్నం వేదశ్రీ వచ్చింది. సంయుక్త రిపోర్టు కాయితాలు తెరిచి చూస్తే మొదటి పేజీలో “మొదటి రకం” కొట్టేసి ఉంది. దాని పక్కన “రెండో రకం” అని రాసి, అదీ కొట్టేసి ఉంది. తర్వాత పేజీలన్నీ ఖాళీ.

“ఏమిటిది సంయుక్తా?”

“ఏ రకమో తెలియట్లేదు మేడమ్.”

“మూడు వారాలు దగ్గరుండి చూసి తెలియట్లేదంటే ఎలా? వాళ్ళందరూ అబద్ధాలకోరులని ఆయన నా ముందే అంటారు. నిజమా కాదా?”

“నిజమే మేడమ్. అందరూ అబద్ధాలే చెప్తారు. నేను కూడా ఒకటి చెప్పి దొరికిపోయాను.”

వేదశ్రీ ఆమె వంక అయోమయంగా చూసింది. “సరే, అదంతా నాకొద్దు. సోమవారం హనుమాన్ జంక్షన్‌లో తాళాలు ఇవ్వాలి. ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారో చెప్పు.”

మిషన్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. రామతులసి సూది గాల్లో పట్టుకుని ఉంది. అచ్యుతరామారావు గారు జరీ ఉండలు లెక్కపెడుతూ తలెత్తలేదు. లెక్కపెట్టినవే మళ్ళీ లెక్కపెడుతున్నారు.

“రెండు యూనిట్లకీ ఆయనే మేనేజరు మేడమ్,” అంది సంయుక్త. “సన్యాసమ్మ గారి కళ్ళు బాగయ్యేదాకా మడతలు ఆవిడే పెడతారు. అంచు పైకుందో కిందికుందో పక్కన కూర్చుని నేను చెప్తాను.”