తెలుగు త్వరలో

నాకు చెవుడు ఒక్క రోజులో రాలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో పంతొమ్మిదేళ్ళు ఫిజిక్స్ చెప్పాను. మొదట వెనక బెంచీల వాళ్ళ డౌట్లు వినపడటం మానేశాయి, ఆ తర్వాత మధ్య బెంచీలవి. ఒక ఎండాకాలం ఓ అమ్మాయి ఏదో అడిగితే నేను ఇంకేదో ప్రశ్నకి జవాబు చెప్పుకుంటూ పోయాను. క్లాసంతా తల వంచుకుని నవ్వు ఆపుకుంటోంది. అప్పుడు నాకే అర్థమైంది.

డాక్టరుగారు చెవి మిషన్లు పెట్టారు. ఎదురుగా కూర్చుని మాట్లాడేవాళ్ళతో వాటి సాయంతో నెట్టుకొస్తాను. ఫోన్‌లో మాత్రం కుదరదు. గొంతు వినపడుతుంది, అది ఎవరి గొంతో తెలుస్తుంది, మాటే విడిగా తెలియదు. సెంటర్ వాళ్ళు నన్ను క్లాసుల్లోంచి తీసి ప్రశ్నపత్రాలు తయారుచేసే గదిలో కూర్చోబెట్టారు. ఇంట్లో ఫోన్ పనులన్నీ మావారి చేతికి వెళ్ళాయి. మా చెల్లెలితో కూడా ఆయనే అరగంట మాట్లాడి, "ఏం లేదు, అందరూ బాగానే ఉన్నారంట" అని ఒక్క ముక్కలో తేల్చేవారు. ఆయన్ని అని లాభం లేదు. మాటలు మోసుకురావడం అందరికీ చేతకాదు.

అక్క విషయంలో అదీ కుదరలేదు. అక్క అంటే తోడబుట్టింది కాదు, మా సెంటర్ ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌గా చేసింది. నాకంటే పదేళ్ళు పెద్ద, నల్గొండ వైపు పల్లె. మావాళ్ళు ఒంగోలు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్ళు. నా మాట విని ఆమె, ఆమె మాట విని నేను మొదట్లో తెగ నవ్వుకునేవాళ్ళం. సాయంత్రం ఆఖరి క్లాసయ్యాక హాస్టల్ మెట్ల మీద కూర్చుని ఇద్దరం టీ తాగేవాళ్ళం. ఉద్యోగం మానేసి మీర్‌పేట్‌లో కిరాయికి ఉంటున్నప్పుడు కూడా అదే వేళకి ఫోన్ చేసేది. మెసేజ్ పెట్టమంటే ఆమె వల్ల కాదు. "నా చేతి యేళ్ళు దొడ్డు, గా అచ్చరాలు సన్నం" అనేది. మా స్నేహమంతా నోటి మాట మీద నడిచింది.

అందుకే ఆ ఫోన్ కొన్నాను. అవతలివాళ్ళు మాట్లాడుతుంటే ఆ మాటలు తెర మీద అక్షరాల్లో పడతాయని కంపెనీ వాళ్ళు వీడియోలో చూపించారు. భాషల వరసలో తెలుగు కూడా ఉంది. షాపులో అడిగితే, వచ్చే అప్‌డేట్‌లో వచ్చేస్తుంది మేడమ్ అన్నారు.

రెండు నెలలకి అప్‌డేట్ వచ్చింది. ఫోన్ ఛార్జింగ్‌కి పెట్టి, అప్‌డేట్ గీత నిండేదాకా కుర్చీ వేసుకుని దాని ముందే కూర్చున్నాను. కొత్త వాల్‌పేపర్లు వచ్చాయి, గుర్తుల రంగులు మారాయి. కాల్‌లో అక్షరాలూ వచ్చాయి, ఇంగ్లీషులో. భాషల పట్టీలో తెలుగు వెలిసిపోయిన రంగులో ఉంది, దాని కింద 'త్వరలో' అని చిన్న మాట. వేలితో నొక్కాను. కదల్లేదు. ఇంకో మూడు నెలలకి హిందీ వచ్చింది. ఆ తర్వాతి అప్‌డేట్‌లో చందమామని దగ్గరగా ఫొటో తీసే సదుపాయం ఇచ్చారు. తెలుగు అలాగే వెలిసిపోయి ఉంది.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది. ఇంట్లో ఎవరూ లేరు. ఎత్తాను. చాలాసేపు మాట్లాడింది. గొంతులో హుషారు ఉంది, మధ్యలో నవ్వింది కూడా. ఒక్క మాటా అందలేదు. వినపడటం లేదని చెప్పడానికి అభిమానం అడ్డొచ్చింది. అప్పటికే రెండు మూడుసార్లు చెప్పి ఉన్నాను. మాట ఆగినచోటల్లా "సరే అక్కా, సరే" అన్నాను. సంతోషంగా పెట్టేసింది.

ఆ తర్వాతి ఆదివారం మీర్‌పేట్ వెళ్తే ఇంటికి తాళం. పక్క వాటా ఆవిడ బయటికొచ్చి, వాళ్ళు ఖాళీ చేసి బాటసింగారం పోయారని, కొడుకుకి అక్కడి పండ్ల మార్కెట్లో పని దొరికిందని నా ముఖం చూస్తూ నిదానంగా చెప్పింది. గురువారం పాస్టరుగారితో కొత్తింట్లో ప్రార్థన కూడా అయిందట. మీకు చెప్పలేదా అని అడిగింది. చెప్పారు అన్నాను.

ఇంటికి వెళ్ళబుద్ధి కాలేదు. ఎల్బీనగర్ వచ్చి విజయవాడ రోడ్డు బస్సెక్కాను. బాటసింగారంలో దిగి, లారీల మధ్య నుంచి దారి అడుక్కుంటూ వాళ్ళ ఇల్లు పట్టుకునేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. అక్క గుమ్మంలో బియ్యం ఏరుతోంది. నన్ను చూసి లేవలేదు. చేట పక్కన పెట్టి, నాకు ఎదురుగా కూర్చోమని సైగ చేసింది. పాస్టరుగారు వచ్చి కూర్చున్నా, నేను వస్తానన్నానని చెప్పి ప్రార్థన గంటసేపు ఆపించిందట. ఆమె పక్కన నాకోసం కుర్చీ వేయించిందట. కోపంగా చెప్పలేదు, అదే ఎక్కువ బాధ. ఆ రోజు ఫోన్‌లో నాకేం వినపడలేదని అప్పుడు చెప్పాను.

"ఇనబడకుంటె ఇనబడలేదని చెప్పాలె గద మేడమ్. సరే అని ఎందుకన్నరు? ఇనబడకపోవుడు తప్పు గాదు. సరే అన్నది తప్పు."

ఆ మాట అనేసి లేచి, నన్ను లోపలికి తీసుకెళ్ళి అన్నం పెట్టింది.

తిరుగు బస్సులో రెండు నిర్ణయాలు చేసుకున్నాను. వినని మాటకి ఇక సరే అనకూడదు. ఆ 'త్వరలో' ఎప్పుడో తేలేదాకా కంపెనీ వాళ్ళని వదలకూడదు.

మర్నాడే ఎల్బీనగర్‌లో వాళ్ళ సర్వీస్ సెంటర్‌కి వెళ్ళాను. టోకెన్ నంబరు పిలిస్తే వినపడదని కౌంటర్ పక్కనే నిలబడ్డాను. కౌంటర్లో ఉన్నావిడ పాపం మంచిది. సాఫ్ట్‌వేర్ వాళ్ళ చేతిలో ఉండదని కాగితం మీద రాసి చూపించింది. ఎవరి చేతిలో ఉంటుందో రాయమన్నాను. కాసేపు ఆలోచించి, ఫోన్లోనే ఫిర్యాదు పెట్టే చోటు ఎక్కడుందో తీసి చూపించింది. ఆ రోజు నుంచి ప్రతి ఆదివారం పొద్దున కాఫీ తాగి ఒక ఉత్తరం రాసేదాన్ని, తెలుగులోనే. నేను ఎవరినో, అక్క ఎవరో, గురువారం ఏం జరిగిందో రాశాను. 'మీ అభిప్రాయం మాకు విలువైనది' అని వెంటనే జవాబు వచ్చేది. అది మనిషి రాసింది కాదని తెలుసు. మళ్ళీ ఆదివారం రాసేదాన్ని. మావారు, రాయికి చెప్పుకున్నట్టుంది నీ పని అన్నారు. సిలబస్ పూర్తి కాకుండా నేను ఏ ఏడూ వదల్లేదని ఆయనకి గుర్తుచేశాను.

వానాకాలం దాటాక మనిషి రాసిన జవాబు ఒకటి వచ్చింది. తెలుగు ఇంకా పరీక్షల్లో ఉందని, కావాలంటే ఆ పరీక్షల్లో చేరవచ్చని, ఫోన్ మందగిస్తే తమ పూచీ లేదని. చేరాను. ఫోన్ నిజంగానే మందగించింది, మధ్యాహ్నానికల్లా ఛార్జింగ్ అయిపోయేది. అయినా తెలుగు అన్న మాట నల్లగా, నిండుగా కనిపించింది.

మొదటి కాల్ అక్కకే. మావారు కూడా పక్కన కూర్చున్నారు. తెర మీద అక్షరాలు పడ్డాయి. 'మేడం ఎండి సంగతి.' 'నేను వస్తువు.' ఆ తర్వాత 'జ్వరం పైన ఉండుండ్రి' అని పడింది. జ్వరమా, ఎవరికని అడిగాను. కొంతసేపు తెర ఖాళీగా ఉంది. ఆమె నవ్వుతోందని మావారు చెప్పారు. జర పైలం ఉండమంది, జాగ్రత్తగా ఉండమని, అంతే. ఏంది అంటే ఎండి అని, ఒస్త అంటే వస్తువు అని పడ్డాయి. ఇవతల నుంచి మావారు ఒక మాట మాట్లాడితే అదీ తెర మీద పడింది, తప్పు లేకుండా. మా వైపు మాట దానికి వచ్చు. అక్క మాట ఎవరూ నేర్పలేదు.

టీవీలో వార్తలు చదివేవాళ్ళలాగా మాట్లాడి చూడమని మావారు ఆమెకి సలహా ఇచ్చారు. అక్క అన్న మాట ఆయనే నాకు తిరిగి చెప్పారు, ఈసారి పొల్లు పోకుండా. "అరవై ఏండ్ల సంది మాట్లాడుతున్న. నేనెందుకు మార్చుకోవాలె? ఫోనే నేర్చుకోవాలె."

ఆ మాటతో నాకు ఎక్కడలేని బలం వచ్చింది. రెండు వారాలకొకసారి బాటసింగారం వెళ్ళేదాన్ని. అక్క వంటింట్లోంచి కొడుకు ఫోన్‌తో మాట్లాడేది, నేను ముందుగదిలో కూర్చుని తప్పు పడ్డ ప్రతి వాక్యాన్నీ దిద్ది కంపెనీకి పంపేదాన్ని. ఒస్త, పోత, గిట్ల, గట్ల, దవాఖాన, పరేషాన్. అక్క ఆ పనిని భలే ఇష్టంగా చేసింది. హాస్టల్ పిల్లలకి చెప్పినట్టే ఫోన్‌కి కూడా రెండోసారి నిదానంగా, మూడోసారి గద్దిస్తూ చెప్పేది.

నాలుగు నెలల తర్వాత తెలుగు అందరి ఫోన్లకీ వచ్చింది. మా దిద్దుబాట్లు ఏమైనా పనికొచ్చాయో లేదో ఎవరూ చెప్పలేదు. ఒస్త మాత్రం ఒస్త అనే పడుతోంది. కొన్ని మాటలు ఇంకా తప్పే. పడని మాటని నేను మళ్ళీ అడుగుతాను, ఆమె మళ్ళీ చెబుతుంది. రోజూ సాయంత్రం మాట్లాడుకుంటాం.

క్లాసులో చుట్టూ పదిమంది మాట్లాడినా ఎవరి మాట వాళ్ళది విడిగా చూపించే సదుపాయం వచ్చే అప్‌డేట్‌లో అని ఈమధ్య ప్రకటించారు. దానికోసం ఆగదలుచుకోలేదు. ప్రిన్సిపాల్ గదికి వెళ్ళి, వారానికి రెండు డౌట్ క్లాసులు ఇవ్వమని, పిల్లలు ప్రశ్నని బోర్డు మీద రాస్తే చాలని అడిగాను. ఆయన ఆలోచిస్తానన్నారు. ఎప్పటిలోగా చెబుతారని అడిగి, ఆయన తేదీ చెప్పేదాకా కుర్చీలోంచి లేవలేదు. ఇప్పుడు మంగళవారం, శుక్రవారం నా క్లాసులు. సుద్దముక్క కోసం పిల్లలు వరస కడుతున్నారు.