ట్రిగ్గర్‌కు బొట్టు

మేము రంగూన్‌లో ఉన్న రోజుల్లో మా మేనమామ ఇన్సేన్ రైలు కార్ఖానాలో ఫిట్టరు. అహ్లోన్ బియ్యం మిల్లు కాపలాదారు ఒకసారి తన చవకబారు బోల్టు తుపాకీని ఆయన దగ్గరికి తెచ్చాడు. దాని ట్రిగ్గర్ ఎంత మొండిదంటే, రెండు వేళ్లతో లాగితే గానీ కదిలేది కాదు, కదిలేసరికి గురి ఎటో పోయేది. ఇంజన్లు బాగుచేసేవాడికి ఇదో లెక్కా అని మామయ్య దాన్ని విప్పి, లోపలి ఇనుమును నూనెరాయి మీద రోజూ అరగదీశాడు. చాలంటే వినే మనిషా ఆయన?

అంతలో దసరా వచ్చింది. ఆయుధపూజకు సుత్తుల, ఆకురాళ్ల పక్కన తుపాకీని కూడా పెట్టాడు. పెట్టి ఊరుకోక, అందులో తూటా వేశాడు.

"తూటా ఎందుకేటి?" అంది అత్తయ్య.

"కాళీ కడుపుతో పూజ సేత్తారేటి?" అన్నాడు.

అత్తయ్య వరసగా అన్నింటికీ బొట్టు పెడుతూ వచ్చి, కుంకుమ వేలు ట్రిగ్గర్‌కు ఆనించింది. తుపాకీ పేలింది. దిష్టి తియ్యడానికి గుమ్మంలో ఉంచిన గుమ్మడికాయ ముక్కలై మా అందరి మీదా పడింది.

మామయ్య మీసాల్లోంచి గింజలు దులుపుకుంటూ, "ట్రిగ్గర్‌లో దోసం లేదు. నీ ఏలే బరువు" అన్నాడు. ఆ మాట తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

కాపలాదారు మాత్రం పాత మొండితనమే తిరిగి ఇప్పించమని బతిమాలుకున్నాడు.

మరుసటి దసరాకు అత్తయ్య పనిముట్లన్నింటికీ వేలి కొసతో, నొప్పి పుడుతుందేమో అన్నట్టు బొట్టు పెట్టింది. మామయ్య నుదుటి దగ్గరికి వచ్చేసరికి ఒంటి బరువంతా వేసి నొక్కింది.