వావిలి పొదకు పసుపు

మా బావ మీద నాకు ఇప్పటికీ కోపమే. ఆయన్ని చేసుకున్న మా అప్ప, అంటే అక్క, వింటే బాధపడుతుంది, పడనీ.

సబ్బవరం దగ్గర మా పొలం గట్టున, గెడ్డ ఒడ్డున ఒక వావిలి పొద ఉండేది. నాన్న ఏటా వేసవిలో దాన్ని మొదలంటా నరికేవాడు. వానలు పడ్డాక ఆ మోడు నుంచి రెమ్మలు నిటారుగా, ఎక్కడా చీలకుండా లేచేవి. చలికాలంలో వాటిని బాణాలకని కోసి, కట్టగట్టి, వంటింటి అటక మీద పొగకు ఆరబెట్టేవాడు. ఆరాక బెరడు గీకి, వంకర ఉన్నచోట నిప్పుల మీద వెచ్చజేసి, మోకాలికి ఆన్చి సరిచేసి, చల్లారేదాకా పట్టు వదిలేవాడు కాదు. మొన కూడా నిప్పుల్లోనే కాల్చి గట్టిపరిచేవాడు. గెడ్డలో కొర్రమేను కొట్టడానికి ఇనుము దేనికిరా అని, ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేసే నన్ను చూసి నవ్వేవాడు.

తొంభైల చివర్లో నాన్న పోయాడు. అస్థికలు సముద్రంలో కలిపాం. మిగిలిన బూడిదను బావ తీసుకెళ్లి ఆ పొద మొదట్లో పోశాడు. పొలం చూసుకునేది ఆయనే. చుట్టూ రాళ్లు పేర్చి, మొదలుకి పసుపు రాసి బొట్లు పెట్టాడు.

వేసవిలో కత్తి పట్టుకుని వెళితే అడ్డం నిలబడ్డాడు.

"ఏట్రా, మావ మీద కత్తెడతావేటి?"

"నరక్కపోతే రెమ్మ రాదు బావా. నాన్న ఏటా నరికేవోడు కదా."

"అప్పుడు మావ బయటున్నాడు. ఇప్పుడు లోపలున్నాడు."

అప్ప కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఒళ్లు మండిపోయినా తిరిగొచ్చేశాను.

పొద ఇష్టమొచ్చినట్టు పెరిగింది. ఎటు చూసినా వంకర కొమ్మలే, బాణానికి పనికొచ్చే పుల్ల ఒక్కటీ లేదు. వన్ టౌన్‌లో కుర్చీలల్లే కొట్టుకెళ్లి పేము కొన్నాను. గ్యాస్ పొయ్యి మీద కాచి సాపు చేస్తే, చల్లారేసరికి చేతికర్ర పిడిలా వంగి కూర్చుంది. కుర్చీ బాగుచేత్తన్నారా అని పక్క క్వార్టర్ ఆయన అడిగాడు. ఆయన్ని ఏమీ అనలేక లోలోపల బావనే తిట్టుకున్నాను. నాన్న బతుకంతా నరికి నిలబెట్టిన పొదను ఈయన దండాలు పెట్టి చంపుతున్నాడు.

కొన్నేళ్లకు బావే మా ఇంటికొచ్చాడు. పొద ఎండిపోతోందట.

"మావకి కోపమొచ్చినట్టుంది. పూజ సేయించాల."

"కోపం నాకొచ్చింది బావా. రాళ్లు తియ్యి," అన్నాను.

ఇద్దరం పొలానికెళ్లాం, ఆయన రాళ్లు తీశాడు. నేను మొదలంటా నరికాను. నడిమి మోడు పుచ్చిపోయి పొడి రాలింది.

వానలు పడ్డాక ఒకే ఒక్క రెమ్మ లేచింది, నిటారుగా, నాన్న చూస్తే మీసం దువ్వేంత బాగా. దాన్ని కోద్దామని చలికాలంలో కత్తి పట్టుకుని వెళ్లాను. అప్పటికే బావ దానికీ పసుపు రాసి బొట్టు పెట్టేశాడు.