కళ్ళు తెరిచి చేసిన ప్రార్థన

మొన్న ఏలూరు బస్టాండులో గణపవరం బస్సు కోసం నిలబడి ఉంటే, అరటిపళ్ళ బండి పక్కన ఒక నడివయసు మనిషి కొట్టుకుంటూ పడిపోయాడు. "ఫిట్సండీ! తాళాలు, తాళాలు!" అని అరుపులు. మన జనం దగ్గర ఇన్ని తాళాలు ఉంటాయని అలాంటప్పుడే తెలుస్తుంది. బైకువి, బీరువావి, షట్టరువి అన్నీ బయటికొచ్చాయి. "ఇనుము తర్వాతండీ, ముందు గాలి రానివ్వండి" అని టీచరు గొంతుతో కసిరి, అతన్ని పక్కకి ఒత్తిగిలేలా తిప్పి, తల కింద నా చేతిసంచి పెట్టాను. ఏ చెయ్యి కొట్టుకుంటోంది, కళ్ళు ఎటు తిరిగాయి అని చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి లేచి మంచినీళ్ళు అడిగాడు. అలా చూడడం నాకు నేర్పింది ఒక తల్లి.

కొల్లేటి లంకలో నేను పనిచేసిన హైస్కూల్లో ఆమె కూతురు తొమ్మిదో తరగతి చదివేది. తల్లి చేపల చెరువుల మీద కూలికి వెళ్ళేది. మా చర్చి వాళ్ళే. పిల్లకి మందులు వాడుతున్నా ఫిట్స్ ఆగలేదు. ఒకసారి చెరువు గట్టు మీద నుంచి నీళ్ళలో పడితే, ఎవరో జుట్టు పట్టుకుని లాగారు కాబట్టి దక్కింది. ఆ ఊళ్ళో ఎటు నాలుగడుగులు వేసినా నీళ్ళే. "బడి మాన్పించి, గదిలో పెట్టి గొళ్ళెం వేసి పనికెళ్తానండీ. ఇంకేం చెయ్యనండీ టీచరుగారూ?" అంది. నాకు ఒళ్ళు మండి, ఇద్దర్నీ ఏలూరు డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను.

"మొదట ఏ వైపు కదులుతుందమ్మా? కళ్ళు ఎటు తిరుగుతాయి? అది తెలిస్తే సరైన మందు ఇవ్వొచ్చు" అన్నాడాయన. ఆమె తల దించుకుంది. "చూడలేదండీ. ప్రార్థనలో ఉంటానండీ." నిజమే. ఫిట్స్ రాగానే ఇంటిల్లిపాదీ మోకాళ్ళ మీద కూర్చుని కళ్ళు మూసుకునేవారు. ఆమెన్ అని తెరిచేసరికి పిల్ల మగతగా పడి ఉండేది. బళ్ళోనేమో అందరూ తాళాల వేటలో ఉండేవారు. అన్నిసార్లు వచ్చినదాన్ని ఒక్కరూ చూడలేదు! పోనీ ఫోన్లో వీడియో తీయమన్నాడు డాక్టరు. "వద్దండీ, ఆడపిల్లండీ. ఊరంతా తిప్పుతారండీ" అంది. "అయితే నువ్వే చూసి చెప్పాలి" అన్నాడు. బయట మెట్ల మీద కూలబడి ఏడ్చింది. "బిడ్డ అలా కొట్టుకుంటుంటే కళ్ళప్పగించి చూడమంటున్నారు. ఆయనకి పిల్లల్లేరాండీ?" నాకూ ఏడుపొచ్చింది.

కొన్నాళ్ళకి ఆదివారం ఆరాధనలోనే ఫిట్స్ వచ్చాయి. పిల్ల చాప మీద ఒరిగిపోగానే పాస్టరుగారి గొంతు పెరిగింది, చర్చి అంతా కళ్ళు ఇంకా గట్టిగా మూసుకుంది. పిల్ల తల కింద నా చెయ్యి పెట్టి తలెత్తి చూస్తే, తెరిచి ఉన్నవి ఆ తల్లి కళ్ళే. పెదాలు ప్రార్థన చేస్తున్నాయి. కన్నీళ్ళు కారిపోతున్నా తుడుచుకోవడం లేదు. తుడుచుకుంటే ఆ కాస్తసేపూ చూపు తప్పిపోతుందని.

"ఎడం బొటనవేలు ముందండీ" అని చెప్పింది డాక్టరుకి. "తర్వాత చెయ్యి. తర్వాత మూతి ఎడం పక్కకి లాగేసిందండీ. కళ్ళూ అటేనండీ. నావైపే తిరిగాయి గానీ, నన్ను చూడలేదండీ." ఎంతసేపో కూడా అడిగి ఆయన రాసుకున్నాడు. మందు మార్చాడు.

ఫిట్స్ బాగా తగ్గాయి, పూర్తిగా పోలేదు. గదికి గొళ్ళెం పడలేదు. పిల్ల ఇప్పుడు తాడేపల్లిగూడెంలో కాలేజీకి వెళ్తోంది. చర్చిలో ఇప్పటికీ తల్లీకూతుళ్ళు నా ముందు వరుసలోనే కూర్చుంటారు. కళ్ళు మూసుకుందాం అంటారు పాస్టరుగారు. ఆ తల్లి మూసుకోదు. ఎందుకని అడిగాను ఒకసారి. "మూసుకుంటే అదే కనబడుతుందండీ" అంది. డాక్టరు కాగితంలో అది ఒక్క నిమిషం. ఆ నిమిషం ఆమెకి ఇంకా గడవలేదు.