పాదరసం చుక్క పట్టిన మందు

తిరుపతిలో పరిశోధన చేసే రోజుల్లో, పరీక్షకు మా బావి నీళ్లు కావాలని కబురు పెడితే మా ఊరు ఐరాల నుంచి నాయనే డబ్బా మోసుకొచ్చాడు. ఆ నీళ్లలోకి సన్నటి గాజుగొట్టం నుంచి పాదరసం చుక్కలు చుక్కలుగా రాలుతుంటే, నీళ్లలో ఏం కలిసిందో చూపే యంత్రం పెన్ను కాగితం మీద గుట్టలాంటి గీత గీసింది. అది చెరుకుతోటలో కొట్టే కలుపుమందు గీసే గుట్ట.

"మన బాయిలో మందు యాడిదిరా?" అన్నాడు నాయన.

ఆయన దారిలో తాగడానికి మరచెంబులో తెచ్చుకున్న అవే బావినీళ్లు పోసి చూశాను. పెన్ను తిన్నగా సాగిపోయింది. ఇద్దరం డబ్బా వైపు చూశాం.

"మందు డబ్బానే. చింతపండేసి తోమినాను గదా, వాసన కూడా లేదు."

ఖాళీ డబ్బా పారేసే మనిషా మా నాయన! కంటికీ ముక్కుకూ అందనిదాన్ని ఆ చుక్క పట్టేసింది.

నాయన యంత్రానికి చేతులెత్తి మొక్కాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "కూలోళ్లకు రోజూ మజ్జిగ తీసకపోయేది దీంట్లోనే."