చెక్కముక్కల పరీక్ష

డిగ్రీ కాలేజీలో సైకాలజీ చెప్పే మేడమ్‌కి కోపం ముక్కు మీదే ఉంటుంది. పిల్లలు చాటుగా ఆమెను మిరపకాయ అంటారు. మొహం చూసి మనసులో మాట చెప్పడం ఎప్పుడు నేర్పుతారని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. జాతకాల దుకాణం పక్క వీధిలో ఉందని ఆవిడ దారి చూపిస్తుంది.

ఆ శనివారం కోపం వేరు. క్లాసులో ఫస్టు వచ్చే ఆఖరి సంవత్సరం అమ్మాయి, గొప్పగా ఒక సంగతి చెప్పుకుందామని వచ్చింది. కింది వాటాలో ఉండే నాలుగేళ్ల పిల్లాడికి, తెలివిని కొలిచే చెక్కముక్కల పరీక్ష పెట్టిందట. వాడు బొమ్మలో ఉన్నట్టు పేర్చలేకపోయాడు. వయసుకు తగ్గ తెలివి లేదని తల్లికి చెప్పేసింది. సోమవారం నుంచి వాణ్ని బడి మాన్పించి, బుద్ధి ఎదగని పిల్లల బడిలో వేస్తున్నారట.

మేడమ్ లేచి నిలబడింది. పరీక్ష ఎక్కడ పెట్టావని అడిగింది. మెట్ల మీదట. ఎదురుగా వీధిలో పిల్లల బంతాట. పైగా వాడు జ్వరం నుంచి అప్పుడే లేచాడు.

"పుస్తకం చదివి ఆపరేషన్ చేసేస్తావా? ఇంకేం కారణం ఉండొచ్చో వెతకమని మూడేళ్లుగా నెత్తీ నోరూ కొట్టుకుంటున్నానే, ఒక్కటైనా వెతికావా?"

"ఈ తెలివి పరీక్షల పేపర్లో నాకు మీరే తొంభై వేశారు కదా మేడమ్."

నిజమే. నిర్వచనాలు అప్పజెప్పినందుకే ఆవిడ వేసింది. ఆ మంట ఇక తన మీదకే తిరిగింది. చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని, అమ్మాయిని వెంటబెట్టుకుని ఆ పిల్లాడి ఇంటికి బయల్దేరింది.

తలుపు తీసిన తల్లి కళ్లు ఉబ్బి ఉన్నాయి. వెనకే తండ్రి. మేడమ్ అమ్మాయినే ముందుకు తోసింది.

"అక్కా, ఆ పరీక్ష పెట్టే అర్హత నాకు లేదు. నేను చెప్పిన మాట నమ్మకండి."

"అయితే మావాడు బాగానే ఉన్నట్టా?"

అవునంటే అందరి మనసూ తేలికపడేది. అమ్మాయి పెదాలు కదిలాయి. మేడమ్ వైపు చూసి ఆగింది.

"నాకు తెలీదక్కా. అనుమానం ఉంటే జ్వరం నీరసం పోయాక డాక్టరుకి చూపించండి. అంతవరకూ బడి మాత్రం మాన్పించకండి."

"తెలీనిదానివి ఆ రోజు ఎందుకు తెలిసినట్టు చెప్పావే? రెండు రోజులుగా వాడు అన్నం కలుపుకోవడం చూసినా ఏడుపొస్తోంది నాకు."

వాణ్ని పాత బడికే పంపుతానని తండ్రి ముక్తసరిగా చెప్పి తలుపేశాడు. మెట్ల దగ్గర అమ్మాయి వెక్కివెక్కి ఏడ్చింది. మేడమ్ ఓదార్చలేదు.