గంట నిండేదాకా ప్రసంగం

అరవైల చివర్లో మేం పటాన్‌చెరులో ఒక రైతు ఇంట్లో రెండు గదులు కిరాయికి తీసుకుని ఉండేవాళ్ళం. నాన్న కొత్తగా పెట్టిన ప్రభుత్వ కర్మాగారంలో ఫిట్టరు. ఆ ఉద్యోగం కోసమే గుంటూరు వైపు నుంచి వచ్చాం. చుట్టుపక్కల మాలాంటి కతోలిక కుటుంబాలు ఏడో ఎనిమిదో. దగ్గర్లో మా చర్చి లేదు. నెలకొక ఆదివారం సికింద్రాబాదు నుంచి ఫాదరుగారు స్కూటరు మీద వచ్చి మా వసారాలోనే పూజ చేసేవారు.

నాకు చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. బడికి పంపలేదు. అక్షరాలూ, లెక్కలూ, జపాలూ అమ్మే నేర్పింది. జ్ఞానోపదేశం, అంటే మా మతపాఠం, కూడా అంతే, తను చిన్నప్పుడు చదువుకున్న అట్ట పోయిన పుస్తకంలోంచి. కూరలు తరుగుతూ అమ్మ ప్రశ్న అడిగేది, బియ్యం ఏరుతూ నేను జవాబు చెప్పేదాన్ని. నా పదో ఏట, వచ్చే పూజలో మొదటి సత్ప్రసాదం, క్రీస్తు శరీరంగా మేం నమ్మే అప్పం, ఇస్తామన్నారు. ఇక నేను నేల మీద లేను. తెల్లగౌనుకు గుడ్డ దొరికింది గానీ ముసుగుకు దొరకలేదు. అమ్మ దోమతెర అంచు కత్తిరించి కుట్టింది. రోజుకు పదిసార్లు పెట్టుకుని చూసుకున్నాను.

సత్ప్రసాదం లోకొనేవాళ్ళు, అంటే తీసుకునేవాళ్ళు, అర్ధరాత్రి నుంచి ఏమీ ముట్టకూడదని ఆ పుస్తకంలో ఉంది. మా ఇంట్లో దానికి తిరుగులేదు. రాత్రి షిఫ్టు పడినా సరే, నాన్న ఖాళీ కడుపుతో పనిచేసి వచ్చి పూజలో నిలబడేవాడు.

ఆ ఆదివారం ఫాదరుగారు స్కూటరు దిగుతుంటే అమ్మా నాన్నా ఎదురువెళ్ళారు. నేను గౌనూ ముసుగూ వేసుకుని పెరట్లో నిలబడి ఉన్నాను. ఇంటి యజమానురాలు, నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని, గిన్నెతో వచ్చింది. వాళ్ళ బర్రె ఈని రెండు రోజులైంది.

"ఎంత సక్కగున్నవ్ బిడ్డా, పెండ్లిపిల్ల లెక్క. ఇగో, జున్ను. నోరు తెరువు."

తెరిచాను. బెల్లం, మిరియాలు వేసిన వెచ్చటి జున్ను. మింగేశాక గుర్తొచ్చింది.

"ఏమైంది? కాలిందా?"

"తినకూడదు పెద్దమ్మా. ఇవాళ నాకు సత్ప్రసాదం ఇవ్వరు."

"గదేంది? జున్ను తింటె దేవునికి కోపమొస్తదా? ఎవ్వలు సూడలే. మూతి తుడుసుకో, పో."

తుడుచుకున్నాను. చెబితే ఇంకో నెల ఆగాలి. చెప్పకపోతే అబద్ధపు నాలుక మీద దేవుణ్ణి పెట్టుకోవాలి. పూజకు ముందు పాపసంకీర్తనం, ఒక్కొక్కరే ఫాదరుగారి దగ్గర తప్పులు ఒప్పుకోవడం. దుప్పటి కట్టిన మూలన ఫాదరుగారు కుర్చీలో కూర్చున్నారు. నేర్చుకున్న పాపాలన్నీ గబగబా అప్పజెప్పి, చివర్లో జున్ను సంగతి చెప్పేశాను.

"ఎప్పుడు తిన్నావమ్మా?"

"ఇందాకే. మీరు స్కూటరు దిగుతుంటే."

"అర్ధరాత్రి నియమం మారి చాన్నాళ్ళయింది. ఇప్పుడు లోకొనడానికి గంట ముందు మానేస్తే చాలు. నువ్వు చేసింది పాపం కాదు. కానీ గంట నిండాలి. వెళ్ళి మీ అమ్మతో నువ్వే చెప్పు. ఇక్కడ విన్నది నేను బయట చెప్పకూడదు."

పరుగెత్తి అమ్మకు అంతా చెప్పాను. అమ్మ నమ్మలేదు. అందరి వంతూ అయ్యాక ఫాదరుగారి దగ్గరికే వెళ్ళింది. "గంటేనా ఫాదరుగారూ?"

"గంటేనమ్మా."

అమ్మ నాన్న వైపు తిరిగింది. రాత్రి షిఫ్టు నుంచి నేరుగా వచ్చిన నాన్న కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"విన్నాను," అన్నాడు. "నువ్వూ నీ పుస్తకమూ కలిసి ఇన్నాళ్ళు నా కడుపు మాడ్చారు."

"మీరు మాత్రం ఒక్కసారైనా అడిగారా?"

"నీకు ఎదురు చెబితే మిగతా రోజులు కూడా పస్తేగా."

ఫాదరుగారితో సహా అందరూ నవ్వారు. నాన్న చేతి గడియారం విప్పి పట్టుకున్నాడు. పూజ మొదలైంది. మామూలుగా ఒక పాట పాడే చోట మూడు పాడించారు. ప్రసంగం ఏసు నీళ్ళను ద్రాక్షారసంగా మార్చిన కానాపల్లె పెళ్ళితో మొదలైంది. ముగించబోతూ ఫాదరుగారు నాన్న వైపు చూశారు. ఇంకా సాగదీయాలన్నట్టు నాన్న పది వేళ్ళూ చూపించాడు. ప్రసంగం పెళ్ళిలోంచి లేచి గలిలయ సముద్రంలో చేపలు పట్టింది. మళ్ళీ చూశారు. ఐదు వేళ్ళు. నోవా ఓడ ఎక్కింది. ప్రసంగం ఎప్పుడైపోతుందా అని చూసే పెద్దవాళ్ళు కూడా ఆ రోజు, కానీయండి ఫాదరుగారూ అన్నట్టు ముందుకు వంగి కూర్చున్నారు.

సంగతి తెలిసి గుమ్మంలో నిలబడ్డ పెద్దమ్మ ఆగలేక నాన్నని అడిగింది. "ఇంక ఎంతసేపు తమ్మి? నా జున్ను జేయబట్టి పిల్ల పరేషానయితుంది."

"రెండు నిమిషాలక్కా."

"ఆఁ, రెండే," అని ఆమె వాకిట్లో చేరిన ఇరుగుపొరుగు ఆడవాళ్ళకు చెప్పింది.

నాన్న పిడికిలి మూశాడు. ఫాదరుగారు నోవాని అక్కడే వదిలేసి పూజ సాగించారు. చివరికి మోకరించాను. "క్రీస్తు శరీరం," అన్నారు. "ఆమెన్," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. పల్చటి అప్పం నాలుక మీద నిలిచింది. ఒళ్ళంతా తేలికైపోయింది. వెనక అమ్మ ముక్కు చీదడం వినిపించింది.

పూజ అయ్యాక పెద్దమ్మ నన్ను పక్కకు లాక్కుంది. "గంత ఆరాటపడితివి. రుచెట్లున్నది?"

"రుచేమీ లేదు పెద్దమ్మా."

"రుచే లేకపాయె. మరి నీ మొకం గట్ల ఎందుకు వెలుగుతున్నది?"

"ఏమో," అని ఆమె కొంగు పట్టుకుని ఆగకుండా నవ్వాను. ఆమె కూడా ఎందుకో తెలియకుండానే నవ్వింది. ఆ రోజు నా నోటి నుంచి నిజం చెప్పించిన దేవునికి ఎన్ని వందనాలు చెప్పుకున్నా నాకు తనివి తీరదు.